ఆరు నిమిషాలని చెప్పిన ఓబ్దూలియా

మొలీనో రోడ్డూ తొమ్మిదో వీధీ కలిసే మూల మీద నా నారింజరసం బండి ఇరవై ఏళ్ళకు పైగా నడిచింది. అందులో పంతొమ్మిదేళ్ళు ఓబ్దూలియా తెపాలె నా బండి పక్కనే నిలబడి పనిచేసింది. నిలబడి అనడం కూడా తప్పే. ఆమె ఒక్కచోట నిలబడగా నేను చూడలేదు. కరెంటు స్తంభం నుంచి నా బండి దాకా నాలుగంగలు, మళ్ళీ వెనక్కి నాలుగంగలు. కూర్చోమని స్టూలు వేస్తే దాని మీద చేతిసంచి పెట్టేది.

ఆమె పని డ్రైవర్లకు టైము చెప్పడం. మెక్సికో నగరం తూర్పు కొసన మా రోడ్డు మీద అప్పుడు నడిచేవన్నీ ఆకుపచ్చ మైక్రో బస్సులు. వాటికి టైంటేబులు లేదు. ఎంతమంది ఎక్కితే డ్రైవరుకు అంత కూలి. అందుకని ముందు పోయిన బండి ఎంత దూరంలో ఉందో తెలియడం వాళ్ళకు ప్రాణంతో సమానం. మైక్రో మూల మీద నెమ్మదించగానే ఓబ్దూలియా కిటికీ దగ్గరకు ఉరికి, "నలభై ఎనిమిది, ఏడు!" అని అరిచేది. నలభై ఎనిమిదో నంబరు బండి పోయి ఏడు నిమిషాలైందని అర్థం. ఏడంటే ముందు స్టాపుల్లో జనం పోగై ఉంటారు, నిదానంగా పోవచ్చు. రెండంటే ముందువాడు చేతికందేంత దగ్గర్లో ఉన్నాడు, వాణ్ణి దాటేసి వాడి జనాన్ని ఎక్కించుకోవచ్చు. డ్రైవరు ఆమె చేతిలో ఒక నాణెం వేసి కదిలేవాడు.

ఆమె తమ్ముడు నాబోర్ ముప్పై ఒకటో నంబరు బండి నడిపేవాడు. డ్రైవర్ల సంఘంలో అందరికన్నా పెద్ద గొంతు అతనిదే. భర్త పోయిన ఏడాది అక్కను ఈ మూల మీద పనికి పెట్టించిందీ అతనే.

ఒక ఫిబ్రవరి సాయంత్రం ఎల్పీదియో అనే డ్రైవరు వచ్చాడు. ఓబ్దూలియా మామూలుగానే, "నలభై ఎనిమిది, రెండు!" అంది. అతను బండి దూకించాడు. మూడు స్టాపుల అవతల కుట్టు ఫ్యాక్టరీ గేటు ఉంది. అక్కడ ఆరూ పదికి షిఫ్టు వదులుతారు. నలభై ఎనిమిది రోడ్డు మధ్యలో ఆగి ఆడవాళ్ళను ఎక్కించుకుంటుంటే, ఎల్పీదియో ఫుట్‌పాత్ పక్కనుంచి దూరి దాన్ని దాటబోయాడు. బండి తగిలి మెలితోనా అనే కుట్టుపనామె తుంటి విరిగింది. ఆమె మళ్ళీ మిషను ముందు కూర్చోలేదు.

ఓబ్దూలియాను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనడానికేముంది? ఆమె చెప్పింది సరైన లెక్కే. కానీ ఆ వారం నుంచి నాలుగంగలు కాస్తా పదంగలయ్యాయి. నేనిచ్చిన రసం గ్లాసులోనే పులిసిపోయేది. తర్వాత ఒక రోజు ఒక మైక్రో పోయింది. నేను రెండు నారింజలు పిండేలోపు ఇంకోటి వచ్చింది. ఓబ్దూలియా వెళ్ళి, "ఆరు!" అంది.

"ఏంటొదినా, ఇప్పుడే కదే ముందుది పోయింది?"

"నీ నారింజలు నువ్వు పిండుకో," అంది నా వైపు చూడకుండా.

అప్పటినుంచి రెండైనా ఆరే, మూడైనా ఆరే. డ్రైవర్లు తొందరపడకుండా పోయేవాళ్ళు. నేను నోరు విప్పలేదు. విప్పలేదు గానీ, నాబోర్ నా బండి దగ్గరకు వచ్చినప్పుడల్లా నవ్వు ఆపుకోవడం కష్టమయ్యేది.

"ఆరు నిమిషాల ఎడముంటే స్టాపులో జనం ఉండాలా, వద్దా?" అని గ్లాసు బల్ల మీద కొట్టేవాడు. "ఒక ముసలాయన, ఆయన చంకలో ఒక కోడి. అంతే! ఈ ఊళ్ళో మనుషులంతా ఎక్కడికి పోయారక్కా?"

"ఎండగా ఉంది కదరా, ఇళ్ళల్లో ఉన్నారేమో," అనేది ఓబ్దూలియా. అంటూనే స్తంభం వైపు నడిచేది.

మరుసటి ఏడు నగర రవాణా వాళ్ళు వచ్చారు. మైక్రోలన్నిటినీ తీసేసి, రోడ్డు నడుమ బస్సులకే ఒక దారి వేస్తారట. అందులోకి కారు రాకూడదు, మోటార్‌సైకిల్ రాకూడదు. పొడుగాటి ఎర్ర బస్సులు స్టేషన్లలో మాత్రమే ఆగుతాయి. ఆ పని మీద రెబేకా ఓల్గీన్ అనే ఇంజినీరు మా మూలకు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. గడ్డి టోపీ, చేతిలో అట్ట, మెడలో స్టాప్‌వాచ్. మూడు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చిపోయే ప్రతి మైక్రోనూ రాసుకుంది. ఆమె రాస్తున్నంతసేపూ ఓబ్దూలియా వేలిగోళ్ళు కొరుక్కుంటూ తిరిగింది.

రెండో రోజు మధ్యాహ్నం రెబేకా మెల్లగా దగ్గరకొచ్చింది.

"ఓబ్దూలియా గారూ, ఒక్క మాట అడగనా? ఇందాక ముప్పై ఒకటికి ఆరని చెప్పారు. నా వాచీలో రెండే అయింది."

"నీ వాచీ చెడిపోయిందమ్మా."

"నిన్న పదకొండుసార్లు చెడిపోయింది. పదకొండుసార్లూ మీరు ఆరే చెప్పారు."

ఓబ్దూలియా చుట్టూ చూసింది. "వాళ్ళకి చెప్తావా?"

"నేను బళ్ళు లెక్కపెట్టడానికొచ్చాను, మీ తప్పులు కాదు. ఎందుకో తెలుసుకుందామని అడిగానంతే."

"ఎందుకో ఇక్కడ చెప్తే నీకు తెలీదు. ఆరూ పదికి కుట్టు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి రా."

ఆ సాయంత్రం నేను కూడా బండి మూసి వాళ్ళతో వెళ్ళాను. గేటు తెరుచుకుంది. నాలుగు వందలమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా బయటపడ్డారు. సగంమంది అవతలి వైపు బండి ఎక్కాలి. నడుమ ఆరు వరసల ట్రాఫిక్కు. సంచులు గుండెలకు అదుముకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కార్ల హారన్ల మధ్య పరిగెత్తారు. రెబేకా అట్ట మీద ఏమీ రాయలేకపోయింది.

"నీ మ్యాపులో ఇక్కడ స్టేషను ఉందా?" అని అడిగింది ఓబ్దూలియా.

"లేదండీ. మార్కెట్ దగ్గరుంది. అర కిలోమీటరు వెనక."

"ఇక్కడెందుకు లేదు?"

"రోజు మొత్తం మీద చూస్తే ఇక్కడ ఎక్కేది తక్కువమంది. స్టేషను పెరిగేకొద్దీ బస్సు ఆలస్యమవుతుంది."

"రోజు మొత్తం ఎవరు చూడమన్నారే నిన్ను? ఆరూ పదికి చూడు! నువ్వెక్కడ స్టేషను కట్టినా వీళ్ళు ఇక్కడే దాటతారు. నీ ఎర్ర బస్సు మా మైక్రోకన్నా జోరుగా వస్తుంది. అప్పుడు తుంటి విరగడంతో ఆగదు."

తిరిగొచ్చే దారంతా ఓబ్దూలియా మాకన్నా పదంగలు ముందే నడిచింది.

నెల తర్వాత బడి ఆవరణలో సభ పెట్టారు. డ్రైవర్లంతా వచ్చారు. రెబేకా పై అధికారి తెర మీద ఒక పటం చూపించి, తొమ్మిదో వీధి మూల దగ్గర మైక్రోలు రెండేసి నిమిషాల తేడాతో గుంపుగా వచ్చి, ఆ తర్వాత పావుగంట ఒక్కటీ రాదని వివరించాడు. రెబేకా ఆ పటం తిప్పేయమని సైగ చేస్తూనే ఉంది. ఆయన చూడలేదు.

నాబోర్ లేచాడు. "దొంగ లెక్కలు! ఆ మూల మీద మా అక్క ఉంటుంది. ఎప్పుడు చూసినా ఆరు నిమిషాల ఎడముంటుంది. ఏ డ్రైవర్నైనా అడగండి!"

"ఆరే, ఆరే!" అని వెనకనుంచి అరిచారు.

నా పక్కన కుర్చీలో ఉన్న ఓబ్దూలియా చెయ్యి పట్టుకోబోయాను. అప్పటికే లేచి నిలబడింది.

"ఆయన చెప్పింది నిజమేరా నాబోర్. రెండే. నేనే ఆరని చెప్తూ వచ్చాను."

డ్రైవర్లంతా ఆమె వైపు తిరిగారు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు నాబోర్.

"మెలితోనా పడినప్పట్నుంచి. రెండంటే మీరు మనుషుల్లా ఉండర్రా. ఆరంటే ఉంటారు."

"ఏడాదిన్నర! నా కడుపు కొట్టి ఏడాదిన్నర నా ముఖం చూసి నవ్వావా?"

"నవ్వలేదు," అంది. వెంటనే అధికారి వైపు తిరిగింది. "మీరేం నవ్వక్కర్లేదు సారూ. మీ మ్యాపూ అబద్ధమే చెప్తోంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర మనుషులే లేరంటోంది."

మర్నాటి నుంచి మైక్రోలు ఆమె దగ్గర ఆగలేదు. కిటికీ అద్దాలెత్తుకుని పోయాయి. రోడ్డు అవతల ఫిదెన్సియో అనే ముసలాయన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన కూర్చునే టైము అరిచేవాడు. ఓబ్దూలియా మూడు రోజులు స్తంభానికీ బండికీ మధ్య తిరిగి, నాలుగో రోజు రాలేదు.

ఆ రోజు మెలితోనా ఇంటికి వెళ్ళిందట. తర్వాత నాకు చెప్పింది. రెండో అంతస్తు గది, గోడ పట్టుకుని నడిచే మనిషి. ఓబ్దూలియా గుమ్మంలోనే, "ఆ రోజు రెండని చెప్పింది నేనే," అంది.

"నువ్వు చెప్పావు, వాడు తొక్కాడు. ఎవరు చేశారో తేలితే నా ఎముక అతుక్కుంటుందా?" అందట మెలితోనా. "కూర్చో. కూర్చోవే తల్లీ, నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఏడవడానికొస్తే ఏడ్చి పో. పని చెయ్యాలనుంటే మా గేటు ముందు ఎర్రదీపం పెట్టించు. బళ్ళు ఆగే దీపం."

ఇక ఓబ్దూలియా రెబేకాను వదల్లేదు. ఇద్దరూ పదకొండు కిలోమీటర్ల రోడ్డూ రెండు వైపులా నడిచారు. ఏ మూల ఎవరు దిగుతారు, ఏ ఆసుపత్రికి వెనక సందులోంచి పోతారు, వాన పడితే నీళ్ళెక్కడ నిలుస్తాయి, అన్నీ చెప్పింది. కబురు లేకుండా రవాణా ఆఫీసుకు పోయి, మెట్ల మీద అటూ ఇటూ తిరుగుతుంటే కాపలావాడు విసిగిపోయి లోపలికి పంపేవాడు. వాళ్ళు కట్టే దారి మా డ్రైవర్ల బతుకు మీద నుంచి పోతుందని ఆమెకు తెలుసు. "తమ్ముడి పని పోగొడుతున్నానా వదినా?" అని అడిగేది. నేను జవాబు వెతుక్కునేలోపే వెళ్ళిపోయేది.

డ్రైవర్లు రెండుసార్లు బళ్ళు అడ్డంగా పెట్టి రోడ్డు మూసేశారు. చివరికి సంఘమే ఎర్ర బస్సులు నడిపే కంపెనీగా మారింది. మైక్రోలు తుక్కుకు పోయాయి. ఎల్పీదియో ఊరొదిలి వెళ్ళాడు. నాబోర్ శిక్షణకు వెళ్ళి ఎర్ర బస్సు డ్రైవరయ్యాడు. నెల జీతం, యూనిఫాం. మొదట్లో ఆ కాలరు మెడకు ఉరిలా ఉందనేవాడు. ఇప్పుడు ఇస్త్రీ లేకుండా తొడగడు. నా బండిని మాత్రం రెండు వీధుల లోపలికి నెట్టారు. అక్కడ బేరం సగమే.

ఓబ్దూలియా అడిగింది గేటు ముందు స్టేషను. దక్కింది సగం. మార్కెట్ స్టేషన్ను రెండు వందల మీటర్లు గేటు వైపు జరిపారు. గేటు ముందు ఎర్రదీపమూ, తెల్లగీతలూ పెట్టారు. మొదటి సాయంత్రం ఆ ఆడవాళ్ళు దీపం పడినా పరిగెత్తే దాటారు. నడవడానికి వారం పట్టింది.

రెబేకా ఓబ్దూలియాకు కంట్రోల్ రూములో ఉద్యోగం ఇప్పించింది. తెర మీద బస్సులు చుక్కల్లా కదులుతుంటాయి. ఎడం పెరిగితే డ్రైవరుకు మైకులో చెప్పాలి. అయిదు నెలలు చేసి మానేసింది. "కుర్చీకి కట్టేశారు వదినా. చుక్కలతో ఏం మాట్లాడను?" అంది. ఇప్పుడు మార్కెట్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద పని. ముసలివాళ్ళను, చక్రాల కుర్చీవాళ్ళను ఎక్కించడం.

ఏడాదిపాటు నాబోర్ బస్సు అక్కడ రోజుకు ఆరేడుసార్లు ఆగింది. ఒక్కసారీ అతను తల తిప్పలేదు. ఒక శనివారం తలుపులు తెరిచి ఉండగా, ముందుకే చూస్తూ, "రేపు పదకొండుకి అమ్మ పేరున పూజ చెప్పించాను, చర్చిలో. రావాలంటే రా," అన్నాడు.

"పూలెవరు తెస్తున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి అదీ చెప్పాలి కదరా, మొద్దు ముఖమా!"

అతను తలుపులు మూసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఆమె పూలు తీసుకెళ్ళింది.

ఈ మధ్య ఉత్తరం వైపు సాన్ లూకాస్ రోడ్డు మీద కూడా ఇలాంటి దారే వేస్తారని విని, సెలవు రోజున ఆ సభకు వెళ్ళొచ్చింది. అక్కడ ఆమెకు చుట్టాలు లేరు, పని లేదు. ఎందుకు వెళ్ళావని అడిగితే, "మ్యాపులో ఒక బడి కనబడలేదు," అని, నేనిచ్చిన గ్లాసు సగమే తాగి కదిలింది. మంగళవారం మళ్ళీ వెళ్తుందట.