పెదవి మీద లాగిన దారం

మా పక్కింటి మావయ్య పోయాడని ఆయన అల్లుడు ఫోన్ చేసేసరికి నేను తొమ్మిదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద నడుం వాల్చాడట, టీకి లేపబోతే లేవలేదట. "సముద్రంలో కాదు టీచరమ్మా, ఇంటికాడే," అన్నాడు అల్లుడు, అది నాకు కాస్త ఊరటగా ఉంటుందన్నట్టు. ఫోన్ పెట్టేసి ఇంకో రెండు పేపర్లు దిద్దాను. రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఈమధ్య ఎవరు పోయారన్నా నాకు ముందు వచ్చేది అలసటే. ఏడుపు తర్వాతెప్పుడో, ఏ కూరో తరుగుతున్నప్పుడు వస్తుంది.

బొబ్బిలికి బదిలీ కాకముందు పదకొండేళ్ళు కళింగపట్నంలో ఆయన ఇంటి గోడని ఆనుకుని అద్దెకున్నాను. మాది శ్రీకూర్మం. గుడి వంటశాలలో పనిచేసిన కుటుంబం. చేపల బుట్ట వీధిలోకొస్తే మా నాయనమ్మ తలుపులేసేది. అలాంటి ఇంట్లోంచి, ఇసుకలో చేపలు ఆరబెట్టే పేటకి సైన్సు టీచరుగా వచ్చిపడ్డాను. మొదటి వారమంతా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే తిరిగాను. మావయ్య చూసి చూసి, "ఎన్నాళ్ళు మూస్తావమ్మా? ఊపిరాడక సచ్చిపోతావు," అన్నాడు. కొంగు దిగింది. చేప మాత్రం ఇప్పటికీ తినను. ఆయన ఎప్పుడూ దాన్ని తప్పు పట్టలేదు. వాళ్ళింట్లో పులుసు కాగిన రోజు అత్త చేత మాకు మునక్కాడలు పంపించేవాడు.

ఆయన పని గేలం. పడవ నడుస్తుండగా వెనకాల గేలాలు ఈడ్చుకుంటూ పోయి కోనాం పట్టడం. వంజరాన్ని మా వైపు కోనాం అంటారు. పెద్ద తాడు చివర, గేలానికి ముందు, రెండు మూడు బారల సన్నటి దారం ముక్క ఒకటి కడతారు. చేప చూసేదీ కొరికేదీ ఆ ముక్కనే. కోనాం పళ్ళకి తట్టుకోవాలని కొందరు అక్కడ ఇనప తీగ కడతారు గానీ, తీగ మెరిస్తే చేప రాదని మావయ్య నమ్మకం. ఆయనది నైలాన్ దారమే. అందుకని చేప పడిన ప్రతిసారీ దారం మీద పంటి గాటు పడిందేమో చూసుకోవాలి. కళ్ళతో చూస్తే ఆ గాటు కనబడదు. దారాన్ని కింది పెదవికి ఆనించి, కళ్ళు మూసుకుని, మెల్లగా లాగేవాడు. నూకంత గాటు తగిలినా ఆగి, అక్కడికి కోసి పారేసి మళ్ళీ ముడి వేసేవాడు. యాభై ఏళ్ళు తాళ్ళు లాగిన చేతులు కదా, వేలి కొసలు చెప్పు అట్టల్లా ఉండేవి.

"సెయ్యి మొద్దుబారిపోతాది టీచరమ్మా. పెదవి అబద్దం ఆడదు," అనేవాడు.

ఒక ఏడాది అల్లుడు విశాఖపట్నం నుంచి కొత్త దారం చుట్ట తెచ్చాడు. ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ రకం. ఆ రోజు వాళ్ళింట్లో పెద్ద రగడ.

"నీళ్ళలో కనబడదు మావా. గట్టిది, తొందరగా గాటు పడదు. అందరూ దానికే ఎల్లిపోతన్నారు."

"అందరూ ఎల్లిపోతే నానొక్కడినీ ఆయిగా ఉంటాను."

చివరికి గోడ మీంచి నన్ను పిలిచారు. సైన్సు టీచరువి గదా, తీర్పు సెప్పమన్నారు. పేపర్లు దిద్ది దిద్ది ఉన్నదాన్ని, అయినా ఎక్కడలేని హుషారూ వచ్చింది. గాజు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి రెండు దారాలూ పక్కపక్కన ముంచాను. నీళ్ళలోంచి దారంలోకి పోయేటప్పుడు వెలుతురు ఎంత తక్కువ వంగితే దారం అంత తక్కువ కనబడుతుందని పాఠం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే కొత్త దారం మాయమేమీ అయిపోలేదు. నైలాన్ కంటే కాస్త మసగ్గా ఉంది, అంతే. కానీ నేను గెలిచినదానిలాగే మొహం పెట్టాను.

మావయ్య గ్లాసులోకి వంగి తీరిగ్గా చూశాడు. "సేప గలాసులో ఉండదు కదమ్మా. వంశధార ఎర్రనీళ్ళు దిగినప్పుడు సేపకి నా పడవే కనబడదు, దారమేటి కనబడతాది? నైలాన్ కొంచెం సాగుతాది. సేప గింజుకుంటే సాగి ఇస్తాది. ఇది ఇవ్వదు. ముడి కూడా మొండిగున్నాది."

నైలాన్ నీళ్ళు పీల్చి బలం తగ్గిపోతుందన్నాను. ఎండకి పాడైపోతుందన్నాను.

"నానూ నీళ్ళు తాగుతాను. ఎండకి నానూ పాడయిపోనాను. నన్ను మారిసేస్తారేటి?"

ఆ వాదన నాలుగేళ్ళు సాగింది. ఏటా వేట మొదలయ్యే రోజుల్లో అల్లుడు కొత్త చుట్ట తేవడం, నేను గ్లాసు తేవడం, ఆయన వంగి చూసి "గలాసు బాగున్నాది," అనడం.

తర్వాత ఒక వానాకాలం ఆయనకి మూతి ఒక పక్కకి పోయింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో వారం ఉంచారు. నెల తిరిగేసరికి మొహం సర్దుకుంది, మాట సర్దుకుంది, మళ్ళీ పడవెక్కాడు. అప్పుడే ఒక సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, నువ్వే గెలిసినావు. అల్లుడి దారమే కట్టేస్తన్నాను," అన్నాడు.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎంతమందికి ఏం నేర్పానో తెలియదు గానీ, ఈ ఒక్క మనిషికి మాత్రం నేర్పాననుకున్నాను. మర్నాడే క్లాసులో చెప్పాను. యాభై ఏళ్ళ అనుభవం ఉన్నాయన ఋజువు చూసి మనసు మార్చుకున్నాడు, సైన్సంటే అదీ అన్నాను. బొబ్బిలి వచ్చాక కూడా కాంతి పాఠం వచ్చినప్పుడల్లా అదే కథ.

ఆ కొత్త దారంతో ఆయన అరచెయ్యి ఒకసారి లోతుగా తెగింది. చేప పడవ పక్కకి వచ్చాక ఆఖరి రెండు బారలూ చేత్తో పట్టి లాగాల్సింది ఈ దారాన్నే. అది సన్నగా, బిరుసుగా ఉంటుంది. కట్టుతో అరుగు మీద కూర్చున్న మనిషిని చూసి, "పోనీ మళ్ళీ నైలాన్ కట్టుకోకూడదా మావయ్యా?" అన్నాను.

"నువ్వే కదమ్మా గలాసులో సూపించినావు," అని నవ్వాడు. ఆటపట్టిస్తున్నాడనుకుని నేనూ నవ్వాను.

ఆ రోజుల్లోనే ఇంకోటి చూసేదాన్ని. తెల్లారి నేను ముగ్గు వేస్తుంటే అత్త వాళ్ళ గుమ్మంలో కూర్చుని నోటి దగ్గర దారం పట్టుకుని ఉండేది, మావయ్య పక్కనే చిన్న కత్తితో నిలబడేవాడు. ఆయనకి అప్పటికే ముందు పళ్ళు ఊడిపోయాయి, ముడి కొసలు ఆవిడ కొరికిపెడుతోంది కాబోలు అనుకున్నాను. చేతిలో కత్తి ఉన్న మనిషికి కొరికిపెట్టడం ఎందుకని నాకు తోచలేదు. ఎదురుగా ఉన్నది చూడమని పిల్లలకి చెప్పేదాన్ని నేను.

పదో రోజుకి వెళ్ళాను. బొబ్బిలి నుంచి రాజాం, శ్రీకాకుళం మీదుగా మూడు బస్సులు. వెళ్ళేసరికి భోజనాలైపోయి చుట్టాలు సర్దుకుంటున్నారు. అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో నాకు ఎప్పుడూ తెలియదు. తెలిసినదొక్కటే చెప్పాను. ఆ వయసులో కూడా కొత్త సంగతి ఒప్పుకున్న మనిషి అత్తా, అంత మంచి మనసు ఎవరికుంటుంది, దారం సంగతి ఇప్పటికీ మా పిల్లలకి చెబుతుంటాను అన్నాను.

అత్త నా మొహంలోకి చూసింది. "మనసేటి మార్సుకుంటాడమ్మా ఆ మొండోడు? మూతి పోయిన కాడినుంచి కింది పెదవి సచ్చిపోనాది. మెతుకు అంటుకున్నా తెల్దు. ఇంక గాటేటి తెలస్తాది? ఆ దారం తొందరగా గాటు పడదని అల్లుడన్నాడు కదా, అందుకని కట్టినాడు. అదీ నమ్మకం నేక, తెల్లారి నా పెదవి మీద లాగించీవోడు."

"అల్లుడికి తెలీదా?"

"తెలిస్తే పడవెక్కనిస్తాడేటి? పడవెక్కకపోతే మీ మావయ్య బతుకుతాడేటి?"

"నాకైనా చెప్పొచ్చు కదత్తా. గోడ అవతలే ఉన్నాను."

"నీకు సెప్తే బడిలో సెప్పేస్తావన్నాడు."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండును, ఏదో ఒకటి బదులు చెప్పేదాన్ని. ఆయన అన్నది నిజం. కచ్చితంగా చెప్పేసేదాన్ని, మంచి పాఠమని కూడా అనుకునేదాన్ని. అరచెయ్యి తెగిన రోజున నా గ్లాసు పేరెత్తి ఆయన నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఆ మనిషి తన భయాన్ని దాచుకోవడానికి ఒక చోటు కావాల్సొచ్చి, నా గెలుపు వెనక దాచుకున్నాడు. ఆయనకి నేను చేసిన సాయం ఏదైనా ఉంటే అదే, అది కూడా తెలియక చేసింది. మావయ్యా, నన్ను క్షమించు అనడానికి కూడా ఓపిక లేక ఆ గుమ్మంలోనే ఆవిడ పక్కన కూర్చున్నాను.

కాసేపటికి అల్లుడు లోపల్నుంచి గేలాలు తెచ్చి అత్త పక్కన పెట్టాడు. రేపట్నుంచి తానే వేటకి తీసుకెళ్తానన్నాడు. మావయ్య చివరిసారి కట్టిన దారం ముక్క వాటి పైనే ఉంది. అత్త దాన్ని చేతిలోకి తీసుకుంది. ఏమీ ఆలోచించకుండానే పెదవికి ఆనించి, కళ్ళు మూసుకుని, మెల్లగా లాగడం మొదలుపెట్టింది. ఒక బార లాగింది. ఇంకో అర బార లాగాక ఆగింది.

"ఇదిగో, ఇక్కడ," అంది.

నాతో కాదు. అల్లుడితోనూ కాదు. ఆ చోటుని రెండు గోళ్ళ మధ్య నొక్కిపట్టి, ఖాళీ అరుగు వైపు చెయ్యి చాపింది. చూరులో దోపిన చిన్న కత్తి నాకు కనబడుతూనే ఉంది, లేచి తేవాల్సింది నేనేనని తెలుస్తూనే ఉంది. అత్త మాత్రం గాటున్న చోటు జారిపోకుండా పట్టుకుని, చాపిన చెయ్యి అలాగే ఉంచింది.