మంత్రిగారి కోసం గుచ్చిన క్రోటన్లు

మంత్రిగారు వస్తున్నారని మా ఆఫీసరుగారు నాలుగు రోజుల కిందట, నరికి తెచ్చిన క్రోటన్ కొమ్మలు బెజవాడ ఆఫీసు ముందు గుచ్చించి తోట తయారుచేశారు. ఆ రాక కాస్తా రేపటికి వాయిదా పడింది. ఈ ఉదయానికి కొమ్మలన్నీ వాడిపోయాయి. ఆయన తోటమాలి మస్తాన్ మీద విరుచుకుపడ్డారు.

"నీళ్లు పొయ్యకుండా నిద్రపోయావా? రేపట్నుంచి పనిలోకి రాకు!"

"రెండు పూటలా పోశానండీ. వేళ్లు లేనివి ఎట్లా బతుకుతాయండీ? గుచ్చమంది తమరే కదండీ!"

"నాకే ఎదురు చెబుతావా?"

ఇరవయ్యేళ్ల చాకిరీ ఒక్క మాటతో పోతుంటే గుమాస్తాలమంతా ఫైళ్లలో తలలు దూర్చాం. నాకు ఒళ్లు మండింది. ఒక కొమ్మ పీకి, కత్తి గాటు కనబడేలా ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన ఆ గాటు వంక చూసి, మస్తాన్‌ని పనిలోకి పొమ్మన్నారు. మస్తాన్ ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం నాకు మెమో వచ్చింది. ప్రభుత్వ మొక్కను వేళ్లతో సహా పెకలించినందుకు సంజాయిషీ ఇవ్వాలట! ఏం రాయమంటారో మీరే చెప్పండి.