నత్తలకు సరిపడే నీళ్లు

రెండు వారాల క్రితం ఆదివారం పొద్దున నేను బియ్యం కడుగుతుంటే ఖమ్మం దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేశారు. మామయ్య ఇక లేరన్నారు. అత్తమ్మ నా ముఖం చూసి పొయ్యి ఆపేసింది.

నేను చదివింది ఐదో తరగతి వరకే. అంతకు మించి ఏదైనా నేర్చుకున్నానంటే అది మామయ్య చెరువు గట్టు మీదే.

జూలూరుపాడు దగ్గర మాకు మిరప చేను ఉండేది. మామయ్య అందులో సగం తవ్వించి చేపల చెరువు చేశారు. ఆ రోజు నుంచి అత్తమ్మ ఆయనతో మాటలు మానేసింది. ఏదైనా చెప్పాలంటే మా ఇంటి బర్రెకు చెప్పేది.

"ఓ బర్రె, బువ్వ సల్లారుతాంది. తినేటోళ్లు వస్తరేమో అడుగు."

మామయ్య కూడా బర్రెకే జవాబిచ్చేవారు. "కూరేందో కనుక్కోవే."

మా ఇళ్లలో కోడలు మామ ఎదుట నోరెత్తదు. కాబట్టి నా మాట అత్తమ్మకు, అత్తమ్మ మాట బర్రెకు, అక్కడి నుంచి మామయ్యకు చేరేది.

మామయ్య రోజూ చెరువు నీళ్లు పుక్కిలించి ఉమ్మి, బాగున్నాయో లేదో తేల్చేవారు. అది చూడలేక చేపల ఆఫీసరు నీళ్లు పరీక్షించే కిట్, రంగుల కార్డు ఇచ్చారు. చిన్న సీసాలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగాలి. పసుపు రంగైతే క్షేమం. ఆకుపచ్చకు తిరిగితే నీళ్లలో అమ్మోనియా ఉన్నట్టు. రంగు ఎంత ముదిరితే చేపలకు అంత ప్రమాదం. మామయ్య కళ్లకు పొరలు వచ్చాయి గనక రంగు చూసే పని నాకు పడింది.

ఒక వేసవి మధ్యాహ్నం సీసా ముదురు ఆకుపచ్చ అయింది. అత్తమ్మ చండ్రుగొండలోని పుట్టింటికి వెళ్లింది. మామయ్యేమో కోళ్ల ఎరువు బస్తా చెరువులో గుమ్మరించబోతున్నారు. ఎరువుకు పాచి పెరిగి చేపలకు మేతవుతుందని ఆయన నమ్మకం. ఆ ఎరువే అమ్మోనియా అవుతుందనీ, ఎండలో అది ఇంకా విషమనీ ఆఫీసరు చెప్పి ఉన్నారు. ఆ ఏడు మా ఇల్లు గడవాల్సింది ఆ చేపలతోనే. చివరికి గట్టున మేస్తున్న బర్రె వైపు తిరిగాను.

"బర్రె, నీళ్లు ముదురు ఆకుపచ్చగున్నయ్. బస్తా పడితే చేపలు పోతయ్."

మామయ్య ఆగారు. ఆయన కూడా బర్రెనే అడిగారు. "మంచిగనే ఈదుతున్నయ్ కదనే! నీకేం తెల్సు, సదువుకున్నవా?"

"ఐదు దాకా," అన్నాను, బర్రె తరఫున.

ఆయన బస్తా దించి పడీ పడీ నవ్వారు. నేను ఆ ధైర్యంతో ఇంకో మాట అన్నాను. "నత్తలను చూడమను. నీళ్లు ఇడిసి రాళ్లెక్కుతున్నయ్."

నవ్వు ఆగింది. వంగి రాళ్లను చేత్తో తడిమి చూశారు. పొద్దుగూకేలోపు సగం నీళ్లు తోడేసి బోరు నీళ్లు పెట్టారు. చేపలు దక్కాయి.

తర్వాత రంగుల కార్డు గోడకు అంటించి, ఆఫీసరు చెప్పిన హద్దు కంటే లేత రంగు దగ్గరే బొగ్గుతో గీత గీశారు.

"పెద్దాయనా, చేపలు ఇంకా తట్టుకుంటయ్ కదా," అన్నారు ఆఫీసరు.

"చేపలు తట్టుకుంటయ్ సారూ, నత్తలు తట్టుకోవు. బలమున్నోన్ని చూసి హద్దు పెడితే, లేనోడు ఏడికి పోవాలె?"

"ఎవరు చెప్పిండ్రు నీకిది?"

"మా కోడలు."

తలుపు వెనక నుంచి విన్నాను. అప్పటి నుంచి ఆయన నన్ను నేరుగా "బిడ్డా" అని పిలిచేవారు. నేను మాత్రం చివరిదాకా బర్రెకే చెప్పాను. ఇప్పుడు దానికి బాధపడుతున్నాను.

దినాల రోజు భోజనాలయ్యాక మామయ్య తమ్ముడు రెండు బకెట్ల అన్నం చెరువు గట్టుకు మోయించారు. "అన్న పేరు మీద చేపలకు తలా ఇంత బువ్వ ఏద్దాం," అన్నారు. అంత అన్నం నీళ్లలో కుళ్లితే అదీ ఎరువులాగే అమ్మోనియా అవుతుందని నాకు తెలుసు. చుట్టాలందరూ విస్తరాకుల్లో అన్నం పట్టుకుని చేతులెత్తారు.

"ఆగుండ్రి చిన్నమామా! ముందుగాల నీళ్లు చూడనీయుండ్రి."

అది నా గొంతేనని నాకే తెలియడానికి కొంతసేపు పట్టింది. చిన్నమామ నోరు తెరిచారు. "ఏందమ్మా, నీకు మాటలొస్తయా?"

నేను సీసా ముంచి చుక్కలు వేశాను. ఐదు నిమిషాలు. ఎండలో, గట్టు పొడవునా, ముప్పై మంది చుట్టాలు అన్నం పట్టుకుని, అందరికంటే ముందు అత్తమ్మ, నా చేతి వైపే చూస్తూ నిలబడ్డారు.