శరభయ్య గారి కదిలే మందు

గోదావరికి ఆనకట్ట పడి, కాలువ నీళ్ళు కోనసీమలోకి కొత్తగా దిగిన రోజుల్లో రాజోలు దగ్గర శరభయ్య అనే వైద్యుడు ఉండేవాడు. తండ్రి నుంచి వైద్యం వచ్చింది. ఓపిక మాత్రం రాలేదు.

ఒంట్లో రక్తం తగ్గిపోయే పాండురోగానికి ఆ ఇంటి ఇనుపభస్మం పెట్టింది పేరు. సముద్రపొడ్డున దొరికే నల్లఇసకతో తండ్రి దాన్ని చేసేవాడు. ఇసకను కడిగి, కల్వంలో నూరి, కరక్కాయ కషాయంలో తడిపి, మూకుళ్ళలో మూసి పిడకల మంటలో కాల్చేవాడు. మళ్ళీ నూరడం, మళ్ళీ కాల్చడం. నెలలు గడిచాక నలుపు పోయి ఎరుపు తిరిగేది. అప్పుడు పొడి మీద సూదంటురాయి పట్టేవాడు. ఒక్క రేణువు కదిలినా అది ఇంకా ఇనుమే, పేగుకు పడదు. మళ్ళీ మంటలోకే.

తండ్రి పోయాక శరభయ్య రెండు పుటాలకే, అంటే రెండుసార్లు కాల్చేసరికే విసిగిపోయాడు. సూదంటురాయి పట్టి చూస్తే అతని పొడి పిల్లిమీసాల్లా నిక్కి అతుక్కుంది. సిగ్గున్నవాడైతే ఇంకో వరస పిడకలు పేర్చేవాడు. ఇతగాడు పరీక్షనే తిరగేశాడు.

“కదలనిది శవమండి. శవాన్ని తినిపిస్తే రోగి ఎలా లేస్తాడు?” అని అరుగు మీద కూర్చుని చెప్పాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కంసాలి త్రాసు ఒకటి తెచ్చి, రాయికి అతుక్కున్న పొడిని గురివిందగింజలతో తూచడం మొదలుపెట్టాడు. ఎంత బరువు అతుక్కుంటే మందుకు అంత బలమట. ముతకగా నూరింది, మెత్తగా నూరింది, గుడ్డలో జల్లించింది, అన్నీ విడివిడిగా తూచాడు. తీరా చూస్తే మంట మొహమే ఎరగని పచ్చి ఇసక అన్నిటికంటే ఎక్కువ తూగింది. ఆ రోజు నుంచి ఆ ఇంట పిడకల పొగ లేదు. జనం నోళ్ళు తెరుచుకుని చూసేవారు. త్రాసు పట్టుకున్నవాడిని కాదనేదెవరు? మందు మింగినవాళ్ళు కడుపునొప్పని వస్తే, “లోపల బలం తిరుగుతోంది” అని పంపించేవాడు.

ఒక వానాకాలం ఆ పాండురోగం అతన్నే పట్టుకుంది. గోళ్ళు తెల్లబడ్డాయి, అరుగెక్కితే ఆయాసం. భార్య కమలాంబ అతని పొడినే తేనెలో రంగరించి తెచ్చింది.

“అన్నిటికంటే బాగా తూగింది ఇదేనండి.”

“అక్కడ పెట్టు, తర్వాత చూస్తాను.”

ఆవిడ అటు తిరగ్గానే అటక మీది జాడీ దింపి, తండ్రి మిగిల్చిపోయిన ఎర్రభస్మం నాలిక మీద వేసుకున్నాడు. కమలాంబ తలుపు సందులోంచి చూసింది.

ఆ వారంలోనే పడవవాళ్ళ పోలమ్మ వచ్చింది.

“బాబుగారూ, మా కోడలు పురుడొచ్చిన కాణ్ణించీ లేవలేకపోతందండి.”

శరభయ్య దర్జాగా ఇసక తూచి పొట్లం కట్టి ఇచ్చాడు. కమలాంబ పెరటిదారిన వెళ్ళి పోలమ్మను ఆపి, జాడీ చేతిలో పెట్టింది.

“ఆ పొట్లం కాలవలో పారెయ్యి. ఇది తేనెతో నాకించు.”

“ఆయ్, అలాగేనండమ్మా.”

భోజనాలయ్యాక శరభయ్య అటక తడుముకున్నాడు.

“జాడీ ఏదే?”

“పోలమ్మకి ఇచ్చేనండి.”

“నా ప్రాణం అందులో ఉందే.”

“త్రాసులో ఉందనుకున్నానండి,” అంది కమలాంబ.

తండ్రి బెత్తం చెయ్యలేని పని చావుభయం చేసింది. రొప్పుకుంటూనే పెరట్లో పిడకలు పేర్చాడు. నూరాడు, కాల్చాడు, రాయి పట్టాడు. పొడి కదిలింది. దాన్నీ రాయినీ తిట్టి మళ్ళీ కాల్చాడు. ఈలోగా కమలాంబ వండిపెట్టిన మునగాకు, బెల్లం అతన్ని నిలబెట్టాయి. చలికాలం వెళ్ళి మామిళ్ళు పూతకొచ్చేసరికి పొడి ఎర్రబడి, రాయి కింద కిమ్మనకుండా పడి ఉంది. అది తిని కోలుకున్నాడు. అప్పటికే పోలమ్మ కోడలు చంకన బిడ్డతో చేపలమ్ముతోంది.

మనిషి మారాడనుకుంటే పొరపాటు. ఒంట్లోకి రక్తం రాగానే అరుగెక్కాడు.

“భస్మమన్నది సూదంటురాయికి కదలకూడదండి. ఇది నేను కనిపెట్టేను. మా నాన్నగారికి ఈ సూక్ష్మం అందలేదు, పాపం.”

జనం అప్పుడూ నోళ్ళు తెరుచుకునే చూశారు. లోపల కమలాంబ విన్నది. ఈసారి పొట్లంలో ఉన్నది అసలైన మందు కనక పెరటిదారి పట్టలేదు. రోగులు లేచి తిరిగారు. శరభయ్య పేరు కోనసీమ అవతలి కొసన మురమళ్ళ దాకా పాకింది.