రెక్క కింద మిగిలిన బాంబు

సహోదరులారా, మొన్న ఫ్రెంచివాళ్ళ జెండా దిగి మన జెండా ఎగిరిన గొడవల్లో తుపాకీ మోతలు విని కనకాలపేటలో మనవాళ్ళు తలుపులు బిగించుకుని కూర్చున్నారని తెలిసింది. ఆ భయం నేనెరుగుదును, అందుకే యుద్ధకాలంలో నాకు జరిగినది చెబుతున్నాను.

మాది ఇద్దరు ఎక్కే బాంబు విమానం. కాకినాడ సుబ్బరాజుగారు నడిపేవారు, వెనక సీట్లో వెనక్కి తిరిగి తుపాకీ దగ్గర నేను. ఆ ఉదయం బర్మాలో శత్రువుల వంతెన మీద బాంబులు వదిలాం, కింది నుంచి వచ్చిన గుండు ఆయన తొడలో దిగింది, విమానం పైకి లేచాక చూస్తే అయ్యో, ఒక బాంబు ఊడలేదు! ఎడమ రెక్క కింద వేలాడుతోంది. విమానాన్ని ఎంత విదిలించినా రాలలేదు. అలాగే దిగితే పేలవచ్చు, దిగకపోతే పెట్రోలు అయిపోతుంది.

మా విమానాశ్రయం కనబడగానే చెవి గొట్టంలో ఆయన గొంతు వినిపించింది.

"ఒరేయ్ జోజీ, పారాచూట్ ఉందిగా, దూకేయ్. ఈ కాలుతో నేను లేవలేను."

"మీకు స్పృహ తప్పితే కేకేసేవాడుండాలి కదండీ. నేను దూకనండి."

"మొండోడివిరా. నీ పెళ్ళానికి నన్నేం చెప్పమంటావు?"

"ఇద్దరం దిగితే నేనే చెప్పుకుంటానండి."

"అయితే మీ యేసయ్యను పిలువు. మా దేవుడు ఇందాకట్నుంచీ నా మొక్కులు విని విసిగిపోయుంటాడు."

నేర్చుకున్న జపాలన్నీ మరచిపోయాను, "యేసునాథా, ఈయన చేతులు నీ చేతుల్లో పెట్టుకో" అన్నదొక్కటే వచ్చింది, అదే అంటున్నాను, ఆయన గొంతు సన్నగిల్లుతోంది, మధ్య మధ్య "రాజుగారూ, రాజుగారూ" అని అరుస్తున్నాను, అంతలో చక్రాలు నేలను తాకాయి, ఆ కుదుపుకు బాంబు ఊడిపడింది! దుమ్ములో దొర్లుతూ మా వెంటే వస్తోంది సహోదరులారా, మా వేగం తగ్గేకొద్దీ దగ్గరవుతోంది, నేను కళ్ళు మూసుకోలేకపోయాను. చివరికి పక్కకు తిరిగి గడ్డిలో ఆగింది. పేలలేదు! దేవునికే మహిమ!

"ఏమైందిరా?" అన్నారు రాజుగారు.

"ఊడిందండి. మన వెనకాలే ఉంది."

"ఇప్పుడా ఊడేది, దొంగముండ!" అని నవ్వబోయి ఏడ్చేశారు.

ప్రార్థించాను గనుక భయం పోయిందని చెబితే అబద్ధమవుతుంది, నేల మీద కాలు పెట్టాక కూడా వణుకుతూనే ఉన్నాను. అయినా ఆ వణికే గొంతునే ప్రభువు విన్నాడు, ఆయనకు స్తోత్రం! ధైర్యం వచ్చాక ప్రార్థిద్దామని ఆగకండి, సహోదరులారా. వణుకుతూనే పిలవండి.