పొగాకు బ్యారన్‌లో స్క్వాష్

మా మనవరాలు ఇవాళ దేశానికి ఛాంపియన్. పేపరు వాళ్లు "చెన్నై అమ్మాయి" అని రాశారు. ఒంగోలు అని రాయడానికి వాళ్లకేం నొప్పొచ్చిందో! నేను బడిలో చదివింది తక్కువ, దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నవాణ్ణి. జరిగింది నేనే రాస్తాను.

స్క్వాష్ అంటే నాలుగు గోడల మధ్య ఇద్దరు నిలబడి, గోడకేసి బంతి కొట్టే ఆట. నా కూతురి కూతురు చిన్నప్పుడే చెన్నైలో మొదలుపెట్టి, తనకన్నా పెద్ద పిల్లల్ని ఓడించేది. అంతలో అల్లుడికి ఒంగోలు బదిలీ అయింది. ఇక్కడ ఆ ఆటకు కోర్టు లేదు. క్రీడల ఆఫీసులో కోర్టు సంగతి అడిగితే అక్కడి పెద్దమనిషి, "పిల్ల చురుగ్గా ఉందండి, కబడ్డీలో వెయ్యండి" అన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పిల్ల ఏడవలేదు. ఇంటికొచ్చి రాకెట్‌ను సంచీలో పెట్టి అటక మీదికి విసిరేసింది. అది చూసి నేనుండలేకపోయాను.

మా పొలంలో పచ్చాకును వేడికి ఆరబెట్టి క్యూరింగ్ చేసే పొగాకు బ్యారన్లు రెండున్నాయి, ఒకదాన్నొకటి ఆనుకొని. ఎత్తయిన గోడలు, కిటికీల్లేని గదులు. పొగాకు మానేసి మిరప వేసినప్పటి నుంచీ ఖాళీ. మధ్య గోడ పడగొట్టించాను. ఆకు వేలాడదీసే వాసాలు తీయించి, గోడలు నున్నగా ప్లాస్టరింగు చేయించాను. పక్క పొలం రైతు గట్టు మీంచి కేకేశాడు.

"ఏం బావా, ఈ ఏడు మనవరాల్ని క్యూరింగ్ చేస్తున్నావంటగా?"

"అవున్రా. ఏ గ్రేడొస్తదో నువ్వే చూద్దువుగాని!"

పిల్ల అందులో రోజూ ఆడింది. ఆదివారాలు వాళ్ల నాన్న ఎదురాడేవాడు. ఆ తర్వాత చెన్నైలో జాతీయ పోటీకి వెళ్లాం. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. తను వెనక కాచుకుంటుంటే బంతి ముందే చతికిలబడేది. నేనూరుకుంటానా? "ఆ బంతి చచ్చిందయ్యా, మార్చండి!" అని అరిచాను. నన్ను బయటికి పంపేశారు. కాసేపటికి పిల్ల వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చుంది.

"బంతి మంచిదే తాతయ్యా. లోపల ఏసీ. చల్లగా ఉంటే అది ఎగరదు. మన బ్యారన్ ఉడుక్కి ఎంతెత్తు లేస్తదో చూశావుగా, నాకదే అలవాటైపోయింది."

"అయితే మానేస్తావా?"

"మానేస్తానని నేనన్నానా? నువ్వా బ్యారన్ని చల్లగా చెయ్యి."

వేడి బయటికి పోకుండా ప్రతి సీజనుకూ ముందు ఆ గోడల సందులు మట్టితో మెత్తినవాణ్ణి నేను. ఇప్పుడు గునపం పట్టుకొని పైభాగమంతా బొక్కలు కొట్టాను. పైకప్పు రేకుల మీద వరిగడ్డి పరిపించి నీళ్లు కొట్టించాను. పిల్ల చలికాలం తెల్లవారుజామున, ఒళ్లు వణుకుతున్నా, ఆ చల్లబడ్డ బంతితోనే ఆడేది.

మరుసటేడు అదే హాల్లో ఫైనల్ ఆడింది. బంతి ముందు గోడ కింద మెత్తగా పడేసరికి మా పిల్ల అక్కడే ఉంది. పరుగులన్నీ అవతలి అమ్మాయికే మిగిలాయి. గెలిచి బయటికొస్తూనే, "తాతయ్యా, ఆకలేస్తోంది" అంది. పక్క హోటల్లో ఇడ్లీ తింటున్నంతసేపూ ఎక్కడెక్కడ పాయింటు పోగొట్టుకుందో వేళ్ల మీద చెబుతూనే ఉంది. గెలిచిన మాట ఎత్తనే లేదు.