నామం నడిమిట్లో, మాట ఎడమ పక్క

ఆ రోజుల్లో మా సారు దృష్టిలో వెబ్‌సైట్ చేయడమంటే పెళ్లి పత్రిక అచ్చేయడమే. అంతకుముందు తిరుపతిలో ఆయన అచ్చేసింది అవే మరి. ప్రెస్సు మూతపడ్డాక అదే మేడ మీద కంప్యూటర్లు పెట్టి వెబ్‌సైట్లకు దిగారు. అలవాటు మాత్రం మూతపడలేదు. పేరైనా, ధరైనా, పేజీడు సంగతైనా ఆయనకు నడిమధ్యనే ఉండాలి. అందుకే మేము చాటుగా ఆయన్ని నడిమి సారు అనేవాళ్లం. (ఆయనకు తెలుసు. తెలిసినట్టు కనపడేవారు కాదు.) నేను నగరిలో మరమగ్గాల ఇంటి పిల్లను, కొత్తగా చేరాను. నేను చేసే మొదటి సైటు బాగుంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే మళ్లీ నగరి బస్సే. ఆ బస్సు ఎక్కే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు.

ఆ సైటు శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలమ్మే ఒక పెద్దామెది. చీరను ఎట్లా ఉతకాలో, ఎట్లా ఆరేయాలో ఆమె తన మాటల్లో వివరంగా చెప్పారు. దాన్ని నేను ఎడమ అంచుకు సర్దాను. 'టెక్స్ట్ అలైన్ లెఫ్ట్' అని ఒక్క లైను, అంతే. భోంచేసి వచ్చేసరికి లెఫ్ట్ పోయి సెంటర్ కూర్చుంది. మార్చాను. సారు మళ్లీ మార్చారు. నాకు ఒళ్లు మండి ఆ లైను చివర 'ఇంపార్టెంట్' అని తగిలించాను. (పేజీ రూపు రాసే సీఎస్సెస్ అనే భాషలో ఆ మాట పెడితే మామూలు లైన్లు దాన్ని కదిలించలేవు.) సారు ఊరుకుంటారా, దాని కిందే తన లైను రాసి దానికీ ఇంపార్టెంట్ తగిలించారు. రెండూ ఇంపార్టెంటే అయితే కిందున్నదే చెల్లుతుంది. సాయంత్రానికి ఆ ఫైల్లో మా ఇద్దరి పంతం తప్ప ముఖ్యమైనదేదీ మిగల్లేదు.

చివరికి సారు నన్ను పిలిచి తన నుదురు చూపించారు. "నామం యాడ పెడతారమ్మా? నడిమిట్లోనే గదా. పక్కన పెడితే సూసేవాళ్లు నవ్వరా?"

నా నోరు ఊరుకోలేదు. "నడిమిట్లో పెడితే అందమే సార్. మొగమంతా నామమే పెడితే మనిషి యాడ కనపడతాడు? అంగడి పేరు నడిమిట్లో పెట్టుకోండి. సదివే మాటకు మొదలు యాడుండాదో తెలియాల గదా. నేను మార్చను."

పక్కనున్నవాళ్లు కీబోర్డుల్లోకి తలలు దించుకున్నారు. సారు ముఖం ఎర్రబడింది. రేపు పెద్దామె వస్తుంది, ఆమెకు నడిమిట్లో ఉన్నదే చూపిద్దాం, బాగుందంటే నువ్వు బ్యాగు సర్దుకోవచ్చు అన్నారు. సరేనన్నాను.

మర్నాడు పెద్దామె వచ్చి, ఫోను ముక్కు దాకా తెచ్చుకుని, పేజీని పైకి చదవడం మొదలుపెట్టారు. వరసలు తలా ఒక చోట మొదలవుతుంటే ఆమె ప్రతిసారీ తడుముకుంటున్నారు. ఒక వరస "ఉతికినాక చీరను ఎండలో" అని ముగిసింది. దాని కింద "ఆరేయకండి, రంగు పోతుంది. నీడలో" అనీ, ఆ కింద "ఆరేయండి" అనీ ఉన్నాయి. ఆమె మధ్య వరస దాటేశారు.

"ఉతికినాక చీరను ఎండలో ఆరేయండి," అని చదివి ఆగి, సారు వైపు చూశారు. "ఏంది సారూ, మా చీరలకే నామం పెట్టినారే."

సారు చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. నాకు నవ్వాగలేదు. సారు నా కంప్యూటర్ ముందు కూర్చుని తన ఇంపార్టెంట్ లైనును తనే చెరిపేశారు. పేరును మాత్రం నడిమిట్లోనే ఉంచి, "అది నాది. మాట నీది. పోమ్మా, పని సూసుకో" అన్నారు.

ఇప్పుడు నేను పెద్ద కంపెనీలో ఉన్నాను. పైవాళ్లు ఏది ఎటు జరపమన్నా 'ఓకే సార్' అని మర్యాదగా జవాబు రాస్తాను. అట్లా రాసిన రోజు, ఉద్యోగం పోయినా మార్చనన్న ఆ నగరి పిల్ల మీద నాకు కాస్త అసూయగా ఉంటుంది. పెద్దామె సైటు బాగోగులు ఇప్పటికీ నేనే చూస్తాను. సారు లైను పోయాక నా ఇంపార్టెంట్‌కు అక్కడ పనేమీ లేదు, తీసేసినా పేజీ చెక్కుచెదరదు. తీయను.